రావమ్మ నీళ్ళ నడక

బెజవాడలో కొత్త బారేజీ మీద బళ్ళు తిరగడం మొదలైన మరుసటేడు, దివిసీమలో గరికలంక వెంకటాద్రిగారి కూతురు సుగుణకి గుడివాడ సంబంధం కుదిరింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, మాగాణి ఉంది, రైసుమిల్లులో వాటా ఉంది, వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇల్లంతా సంతోషించింది. పిల్ల తల్లి రావమ్మ కూడా సంతోషించింది గానీ, ఆ సంతోషం తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మధ్యలో ఆవిడ ఎడమ మోకాలు అడ్డం వచ్చింది.

రావమ్మది బరువైన ఒళ్ళు. కాపురానికి వచ్చిన నాటినుంచి పాడి, దంపుడు, నాట్ల రోజుల్లో కూలీలందరికీ వంట, అన్నీ తన చేతుల మీదే నడిపించిన మనిషి. చేసి చేసి ఉండగా మోకాలు ఒకనాడు మొరాయించింది. కూర్చుంటే లేవనివ్వదు, నిలబడితే కూర్చోనివ్వదు. పొయ్యిని అరుగు మీదికి ఎక్కించి నిలబడి వండేది. అన్నం గోడకి ఆనుకుని నిలబడి తినేది. మెట్లు దిగాలంటే పీతలాగా పక్కకి తిరిగి దిగేది. ఆముదం రాసి వావిలాకు కట్టింది, ఇసక మూటతో కాపడం పెట్టింది, చల్లపల్లి నుంచి తైలం తెప్పించి మర్దనా చేయించుకుంది. తైలం వాసన ఇంటికి పట్టింది గానీ నొప్పి మోకాలిని వదల్లేదు.

ఇదంతా ఒక ఎత్తు, కన్యాదానం ఒక ఎత్తు. పెళ్ళిలో పిల్ల తల్లిదండ్రులు పీటల మీద కూర్చోవాలి. మొగుడు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే పెళ్ళాం పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోయాలి. గణపతి పూజ దగ్గర్నుంచి కన్యాదానం అయ్యేదాకా మఠం వేసుక్కూర్చోవాల్సిందే. కుర్చీ వేసుక్కూర్చుని కాళ్ళు కడిగిన వాళ్ళని ఆ సీమలో ఎవరూ చూడలేదు. కూర్చోలేకపోతే ఆ పీటలు చిన్నాన్న, పిన్నిలవి అవుతాయి. అంటే వెంకటాద్రి తమ్ముడు బసవయ్య, అతని భార్య సుభాషిణి.

సుభాషిణి సన్నగా ఉండేది. పావురం వాలినట్టు కింద కూర్చునేది, చెయ్యి ఆన్చకుండా లేచేది. ఒకటే లోగిలి, రెండు వంటిళ్ళు. తాంబూలాల సాయంత్రమే ఆమె వచ్చి, "అక్కయ్యా, మీరేం బెంగ పెట్టుకోకండి, మేం కూర్చుంటాంగా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా సాయం చేద్దామనే అంది. ఎత్తిపొడుపైతే రావమ్మ ఒక జవాబు చెప్పి ఊరుకునేది. ఇది మంచి మాట కాబట్టి మింగలేక కక్కలేక ఉండిపోయింది. ఒక్కగానొక్క కూతురు. దాన్ని అత్తారి చేతిలో పెట్టేటప్పుడు తను గుంజ పట్టుకుని నిలబడి చూడాలి, అదీ ఆవిడ బాధ.

పైగా ఈ మోకాలి సంగతి బయటికి పొక్కకూడదు. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్నారు పెద్దలు. తల్లికి కీళ్ళ జబ్బని గుడివాడ వాళ్ళ చెవిన పడితే, రేపు పిల్లకీ వస్తుందంటారని వెంకటాద్రి భయం. ఆయన మాటకారి కాదు. భయం వేస్తే ఇంకా మాట్లాడడు. ఇంట్లో అందరికీ నోటి మీద వేలేసి చూపించాడు.

ఆ రోజుల్లో వారానికో పూట సువార్తమ్మ ఆ ఇంటికి వచ్చేది. కాలవ దిగువన క్రైస్తవుల పాలెం ఆమెది. మిషను వాళ్ళు ఊరూరా తిప్పి వాక్యం చెప్పించే ఆడమనిషి. బైబిలమ్మ అనేవారు. రైతుల ఇళ్ళలో వాక్యం ఎవరూ పెద్దగా వినేవారు కాదు గానీ, ఆమెకి లేసు అల్లిక వచ్చు. సుగుణకి అది నేర్పడానికి పెరట్లో మునగచెట్టు కింద కూర్చునేది. మజ్జిగ తన గ్లాసులో పైనుంచి పోయించుకుని తాగేది. ఆనాటి వాడుక అది. పోసేవాళ్ళకీ తాగేవాళ్ళకీ అందులో వింత ఉండేది కాదు.

ఒకరోజు రావమ్మ పెరటి మెట్లు పీతనడకన దిగుతుంటే సువార్తమ్మ చేతిలో సూది ఆపి చూసింది. ఎడమదేనా అమ్మగారూ అని అడిగింది. ఎవరికీ చెప్పకూడదన్న సంగతి అడిగిన మొదటి మనిషికే చెప్పేసింది రావమ్మ. దాచిన నొప్పి అంతే, ఎవరో ఒకరు అడిగేదాకానే.

సువార్తమ్మకీ ఒక కాలి కథ ఉంది. అంతకు కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో తాటిదుంగ వంతెన మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. బందరు ఆస్పత్రిలో దొరసాని డాక్టరమ్మ కట్టు కట్టింది. కట్టు విప్పాక చూస్తే కాలు మొద్దు. నేల మీద ఆనిస్తే ప్రాణం పోతోంది. డాక్టరమ్మ ఆమెని ఇంటికి పంపుతూ, గుండెల దాకా నీళ్ళున్న చోట దిగి నడవమని చెప్పింది.

"నీళ్ళలో మన బరువు నీళ్ళే మోస్తాయంటండి. కాలికి పని ఉంటుంది గానీ మోత ఉండదంట. ఎందుకలాగో నాకు తెలీదమ్మా. నడవమంది, నడిచాను."

"నీళ్ళలో నడిస్తే మోకాళ్ళు బాగుపడేట్టయితే, మా గేదెలకి ఎప్పుడూ మోకాళ్ళ నొప్పులే రాకూడదు" అంది రావమ్మ.

"వచ్చాయాండీ?"

రావమ్మ గేదెలన్నిటినీ తలుచుకుంది. కుంటినది ఒక్కటీ గుర్తు రాలేదు.

దిగడానికైతే ఊరి పక్కనే కాలవ ఉంది. ఎక్కడ దిగాలన్నదే తేలలేదు. ఎగువన ఊరి రేవు, తాగే నీళ్ళు అక్కడే ముంచుకుంటారు. రాతిమెట్లు దిగగానే నిలువు లోతు, అడుగున జారుడు బురద. దాని కింద చాకిరేవు. ఆ కింద, కాలవ వంపు తిరిగిన చోట పాలెం రేవు. అక్కడ అడుగంతా గట్టి ఇసక, లోతు మెల్లమెల్లగా దిగుతుంది. కాలి కింద నమ్మకంగా ఉంటుంది కాబట్టి పాలెం వాళ్ళు బాప్తిస్మాలు కూడా అక్కడే ఇచ్చుకునేవారు. తెల్లబట్టలు కట్టుకున్న వాళ్ళని పాస్టరు జకరయ్యగారు నడుముల్లోతు నీళ్ళలో నిలబెట్టి, ఒక చెయ్యి మెడ వెనక, ఒక చెయ్యి గుండెల మీద వేసి, వెనక్కి వాల్చి ముంచి లేపేవారు.

సువార్తమ్మ అంది: "మీ రేవులోకి నేను దిగితే ఊరంతా బిందెలు బోర్లించుకోవాలి. మా రేవులోకి మీరు దిగితే ఎవరికీ ఏమీ పోదండి. నీళ్ళు పైకి పారవుగా."

మాట సబబుగానే ఉంది. వెంకటాద్రి మాత్రం ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. మాట్లాడకుండా పొలం వెళ్ళిపోయాడు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద అనుమతి రాదని రావమ్మకి తెలుసు.

మార్గశిర మాసంలో ఒక పొద్దు, కూలీలు కోతలకి వెళ్ళిపోయాక, రావమ్మ పాలెం రేవులో దిగింది. మొదటి రోజు చీరతోనే దిగింది. చీర గాలి పోసుకుని గొడుగులాగా పైకి తేలింది. ఆవిడ రెండు చేతులా దాన్ని కిందికి అదుముకోవడంలోనే పొద్దు ఎక్కింది, నడక సాగలేదు. రెండోరోజు నుంచి మొగుడి పాత పంచె గోచీ పెట్టి బిగించి, పైన తెల్లగుడ్డ చుట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

నీళ్ళు చలికి కొరికేశాయి. చీలమండల దాకా ఉన్నప్పుడు మోకాలు ఎప్పటిలాగే సణిగింది. తొడల దాకా వచ్చాక సణుగుడు తగ్గింది. గుండెల దాకా వచ్చేసరికి, ఇన్నేళ్ళుగా మోస్తున్న ఒంటిని ఎవరో చంకనెత్తుకున్నట్టయింది. అడుగు తీస్తే తేలింది. అడుగు వేస్తే మెత్తగా దిగింది. చేపపిల్లలు పిక్కలు గీరుతుంటే రావమ్మ చిన్నపిల్లలాగా నవ్వింది, వెంటనే చుట్టూ చూసి నవ్వు ఆపుకుంది.

సువార్తమ్మ అల్లిక నేర్పినట్టే నేర్పింది, తప్పుపోతే విప్పించి మళ్ళీ వేయించేది. ముందుకి నడవాలి, వెనక్కి నడవాలి, పక్కకి నడవాలి. మోకాలు పొట్టదాకా ఎత్తి దించాలి. గట్టు గడ్డి పట్టుకుని కాలు వెనక్కి మడవాలి. నీళ్ళు అడ్డం తోస్తుంటే వాటిని నెట్టుకుంటూ పోవాలి. బయట నడిచిన దానికన్నా ఆయాసం వచ్చేది గానీ నొప్పి వచ్చేది కాదు. తిరిగి గట్టెక్కేటప్పుడు మాత్రం తన ఒళ్ళు తన నెత్తినే పెట్టినట్టుండేది. గట్టు మీద కాసేపు కూలబడి, పంచె పిండుకుని, పొడిచీర చుట్టుకుని, ముఖాన బొట్టు కరిగిపోయిన సంగతి కూడా చూసుకోకుండా ఇంటికి వచ్చేసేది.

పుష్యం వెళ్ళేసరికి మెట్లు తిన్నగా దిగింది. మాఘంలో వంటింటి ముక్కాలిపీట మీద కూర్చుని పప్పు రుబ్బింది. ఆ పూట సుగుణ తల్లిని చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది. అంతలో రావమ్మకి ఆశ పుట్టింది. నీళ్ళలోనే మఠం వేసి అలవాటు చేసుకుంటే పోలేదా అనుకుని, ఇంట్లోంచి పీట ఒకటి చంకన పెట్టుకుని కాలవకి వెళ్ళింది. కర్రపీట నీళ్ళలో తేలుతుందని ఆవిడకి తట్టలేదు. ఆవిడ కూర్చోబోతే అది పక్కనించి జారి పైకి లేచి వంపు తిరిగి వెళ్ళిపోతుంటే, సువార్తమ్మ దాని వెంట ఈదింది.

"పీట తర్వాత చూసుకుందాం, ముందు మోకాలు మడుచుకోండమ్మా" అంది తిరిగొచ్చి, ఆయాసపడుతూ.

ఫాల్గుణంలో అసలు కష్టం వచ్చింది. ఆ రోజు రావమ్మ గుండెల్లోతు నీళ్ళలో నిలబడి, ఊపిరి బిగబట్టి, రెండు మోకాళ్ళూ ఒక్కసారి మడిచింది. కాలు ఇసకలో పట్టు తప్పింది. వెల్లకిలా పడి నిలువునా మునిగిపోయింది. సువార్తమ్మ ఒక్క అంగలో వచ్చి, ఒక చెయ్యి మెడ వెనక వేసి, ఇంకో చెయ్యి గుండెల మీద అదిమి పట్టి పైకి లేపింది. లేపుతూ భయంతో "ప్రభువా, ప్రభువా" అని గట్టిగా అంది. రావమ్మ నీళ్ళు కక్కుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

చాకిరేవులో బట్టలు ఉతుకుతున్న ఎల్లయ్య చేతిలో గుడ్డ గాల్లోనే ఆగిపోయింది. ఆ రేవులో జరిగేవి అతను ఎన్నో చూశాడు. తెల్లబట్ట చూశాడు. ముంచడం చూశాడు, లేపడం చూశాడు. ప్రభువు పేరు చెవులారా విన్నాడు. ఆ తర్వాత రావమ్మ తన పక్కనించే ఇంటికి వెళ్తుంటే ముఖాన బొట్టు లేకపోవడం కూడా చూశాడు. ఎల్లయ్య అబద్ధాలాడే మనిషి కాదు. చూసినంత మాత్రమే ఇంట్లో పెళ్ళానికి చెప్పాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది, వెంకటాద్రి భార్య బాప్తిస్మం పుచ్చుకుందని. ఉలవకుండకి మూకుడు ఉంది గానీ లోకుల నోటికి మూకుడు లేదు. మార్గశిరం నుంచీ ఆవిడ ఆ రేవుకి వెళ్తోందన్న మాట కూడా దానికి కలిసింది. ఇన్నాళ్ళూ ప్రార్థనలు నేర్చుకుని ఇవాళ మునిగిందన్నారు. రచ్చబండ దగ్గర ఒకాయన, మీ ఆవిడ రోజూ పాలెం రేవుకి ఎందుకు వెళ్తోందయ్యా అని వెంకటాద్రినే అడిగాడు. మోకాలని చెప్పకూడదు కదా, స్నానానికి అన్నాడాయన. ఇంట్లో నుయ్యి పెట్టుకుని పాలెం రేవులో స్నానమేమిటని వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయన నోరు తెరిచిన పూటే పని ఇంకా చెడింది. ఊరు మోకాలికీ బోడిగుండుకీ ముడి వేసింది. ఆ ముడి విప్పాల్సిన మనిషే గట్టిగా బిగించాడు.

పాలెంలో సంగతి ఇంకో రకం. అక్కడ వాళ్ళు సంబరపడ్డారు. పెద్దరైతు ఇంటి ఇల్లాలు తమ సంఘంలోకి వచ్చిందని స్తుతులు చెల్లించారు. జకరయ్యగారు సువార్తమ్మని పిలిపించి, తనకి చెప్పకుండా ముంచడం పద్ధతి కాదని మందలించి, ఆ తర్వాత మెచ్చుకున్నారు. సువార్తమ్మ అసలు సంగతి చెప్పింది. ఆయన ముఖం వాడిపోయింది. ఇన్ని నెలలు ఆవిణ్ణి నీళ్ళలో పక్కన పెట్టుకుని ఒక్క వాక్యమైనా చెప్పకుండా మోకాళ్ళ గురించేనా మాట్లాడింది అని అడిగారు.

"మోకాలు నొప్పని వచ్చిన మనిషికి మోకాలి మాటే చెప్పానండి అయ్యగారూ" అంది సువార్తమ్మ. "ప్రభువు కుంటివాణ్ణి ముందు నడిపించారు గానీ, పేరు రాయించుకుని నడిపించలేదు గదండీ."

జకరయ్యగారు ఆమెని ఇంటికి వెళ్ళమన్నారు. పాలెం ఆడవాళ్ళు మాత్రం ఆమెతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. వచ్చిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలిందని ఒకావిడ ఎత్తిపొడిచింది.

మాట అవనిగడ్డ సంతకి వెళ్ళింది, బందరు బస్సెక్కింది, చివరికి గుడివాడలో దిగింది. వారం తిరక్కుండా సంబంధం చూపించిన పెద్దమనిషి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పిల్లవాడి వైపు వాళ్ళు సంబంధం వదులుకోరు, పిల్ల నచ్చింది. అయితే తల్లి మతం మార్చుకుంది కాబట్టి ఆవిడ పీటల మీద కూర్చోకూడదు. చిన్నాన్న, పిన్ని కన్యాదానం చెయ్యాలి. పిల్లవాడి తల్లి రమణమ్మగారి మాట ఇది. మోకాలి మాట ఆ కబురులో ఎక్కడా లేదు.

వెంకటాద్రి గుండె దిటవు చేసుకున్నాడు. పెళ్ళి ఆగలేదు, అది చాలన్నాడు. మోపిదేవి గుళ్ళో నలుగురి ముందూ కుంకం పెట్టుకుని ప్రసాదం తింటే ఊరి నోళ్ళయినా మూతపడతాయని భార్యకి చెప్పి చూశాడు.

"చెయ్యని తప్పుకి గుడి చుట్టూ తిరిగితే చేసినట్టే అవుతుంది. నేను తిరగను" అంది రావమ్మ.

సుభాషిణి వచ్చి పక్కన నిలబడింది. ఆమె కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "నేను కూర్చోనక్కయ్యా, మీరు కూర్చోవద్దంటే నేను కూర్చోను" అంది. కానీ ఆ పొద్దుటే ఆమె పట్టుచీర ఎండలో వేసిన సంగతి రావమ్మ చూసింది. తప్పు పట్టలేదు. పీటల మీద కూర్చోవాలన్న కోరిక ఎవరికి మాత్రం ఉండదు? సుభాషిణికి పిల్లలు లేరు.

అటు కాలవలో నీళ్ళు తగ్గుతున్నాయి. చైత్రం వెళ్ళే లోపు కాలవ కట్టేస్తారని లాకుల దగ్గర్నుంచి కబురు వచ్చింది. పెళ్ళేమో వైశాఖంలో. మాట పుట్టిన నాడే రావమ్మ రేవు మానేస్తుందని ఊరు అనుకుంది. ఆవిడ మానలేదు. గట్టు మీద జనం నిలబడి చూస్తుంటే కూడా పంచె బిగించి దిగింది. మొదట్లో ముఖాలు తిప్పుకున్నారు, తర్వాత వింత చూశారు, ఆ తర్వాత విసుగు పుట్టి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. ఒకావిడ నీళ్ళలో ముందుకీ వెనక్కీ నడవడం ఎంతసేపని చూస్తారు?

నీళ్ళు నడుము కిందికి దిగిన రోజున రావమ్మ మొగుడితో గుడివాడ వెళ్దామంది. ఎందుకన్నాడాయన. చెప్తానంది. మర్నాడు బందరుకి బస్సు, బందరు నుంచి రైలు. రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చోకుండా, కాలు బిగుసుకుంటుందని నిలబడే వెళ్ళింది. వెంకటాద్రి దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. గుడివాడ దగ్గర పడ్డాక ఒక కాలవ మీద వంతెన వచ్చినప్పుడు మాత్రం, వీళ్ళ కాలవలో ఇంకా నీళ్ళున్నాయే అన్నాడు.

రమణమ్మ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాట కూడా అలాగే ఉంటుంది. చెప్పకుండా వచ్చిన వియ్యాలవారిని చూసి తడబడకుండా మంచినీళ్ళిప్పించింది. సావిట్లో కుర్చీ లాగించి కూర్చోమంది.

రావమ్మ కుర్చీ వంక చూడలేదు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి సర్దుకుని, కుడికాలు వెనక్కి వేసి, నడుము వంచి, ఎడమ మోకాలు మడిచింది. అది సగం దాకా వచ్చి ఆగింది. అక్కడ నీళ్ళు లేవు, మోయడానికి ఎవరూ లేరు. ఊపిరి వదిలి, మళ్ళీ మడిచింది. గచ్చు మీద మఠం వేసి కూర్చుంది. నుదుట చెమట పట్టింది. వెంకటాద్రి గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు.

"నీళ్ళలో నేను చేసింది ఇదే వదినగారూ" అంది రావమ్మ. "నాకు మోకాళ్ళ జబ్బు. కింద కూర్చోలేను. మీ అబ్బాయి కాళ్ళు కడగాలని కాలవలో నడిచాను. ఇంకేమీ పుచ్చుకోలేదు."

రమణమ్మ ఆవిడ నుదుటి వంక చూసింది.

"మరి బొట్టు లేకుండా గట్టెక్కారన్నారే?"

"మునిగిన ముఖాన బొట్టు నిలుస్తుందాండీ? మీరొకసారి మునిగి చూడండి."

"తెల్లబట్ట?"

"ఆయన పంచె."

గుమ్మం దగ్గర వెంకటాద్రి దగ్గాడు. రమణమ్మ పెదవి చివర ఏదో కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు.

"మేం పిల్లని చూడ్డానికొచ్చిన పూటంతా మీరు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నారు. మా పక్కన చాప మీద కూర్చోవడం మీకు నామోషీ అనుకున్నాను. ఇన్ని నెలలూ అదే మనసులో పెట్టుకున్నాను" అంది. "జబ్బని చెప్పొచ్చుగా."

"చెప్తే పిల్లకీ వస్తుందంటారని."

"అనేదాన్నే" అంది రమణమ్మ. దాచలేదు. "సరే, కూర్చున్నారు. లేవండి చూద్దాం."

లేవడం రావమ్మ అనుకున్న పని కాదు. కాలవలో లేవడమంటే నీళ్ళే లేపేవి. ఇంట్లో గోడ ఉండేది. ఇక్కడ గచ్చు నడిమధ్య కూర్చుంది. చేతికి అందేటంత దూరంలో కుర్చీ ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఒక అరచెయ్యి నేలకి ఆన్చి, కుడి మోకాలి మీదికి ఒరిగి, మూలిగి, ఒంటి బరువంతా పోగుచేసుకుని లేచింది. లేచిన తీరు చూడ్డానికి అందంగా ఏమీ లేదు, ఈనిన గేదె లేచినట్టు లేచింది. కానీ ఎవరూ పట్టుకోలేదు.

రమణమ్మ లోపలికి వెళ్ళి కుంకంభరిణె తెచ్చి ఆవిడ నుదుట తనే పెట్టింది. "మీ పీటల మీద మీరే కూర్చోండి" అంది. ఆపైన ఒక షరతు కూడా పెట్టింది. పెళ్ళయ్యేదాకా ఆ పాలెం రేవుకి వెళ్ళకండి, నలుగురికీ జవాబు చెప్పుకోలేక చస్తున్నాం అంది.

"నీళ్ళున్నన్నాళ్ళూ వెళ్తానండి" అంది రావమ్మ. "మానేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది."

వెంకటాద్రి కళ్ళు మూసుకున్నాడు. కుదిరింది కాస్తా చెడిపోయిందనుకున్నాడు. రమణమ్మ భరిణె మూత పెడుతూ, భోజనాలు చేసి వెళ్ళమంది. షరతు మాట మళ్ళీ ఎత్తలేదు. వడ్డించేటప్పుడు వియ్యపురాలికి చాప గోడ పక్కనే వేసింది.

మిగిలిన రోజులు రావమ్మ రేవుకి వెళ్ళింది. నీళ్ళు నడుము నుంచి తొడలకి, తొడల నుంచి మోకాళ్ళకి దిగాయి. మోకాళ్ళ దాకా వచ్చాక నడిచి లాభం లేదని సువార్తమ్మ మానిపించింది. ఆ తర్వాత కాలవ కట్టేశారు. ఇసక తేలింది, పిల్లలు అందులో చెలమలు తవ్వుకున్నారు. ఇంట్లో రావమ్మ పొద్దునొకసారి సాయంత్రమొకసారి పీట మీద కూర్చుని లేచింది. కొన్నాళ్ళు బాగా మడిచింది, కొన్నాళ్ళు మోకాలు మాట వినలేదు. ముహూర్తం నాడు ఎలాగుంటుందో చెప్పడానికి లేకపోయింది. సుభాషిణి పట్టుచీర కట్టుకునే ఉండాలని, ఏమైనా అయితే తన స్థానంలోకి రావాలని రావమ్మే ఆమెకి చెప్పింది. సుభాషిణి సరేనంది.

పగటి ముహూర్తం. తాటాకు పందిరి కింద ఉడుకు. పురోహితుడు పిలిచాడు. వెంకటాద్రి పీట మీద కూర్చున్నాడు. రావమ్మ వచ్చి ఆయన పక్క పీట ముందు నిలబడింది. గుడివాడ వాళ్ళంతా చూస్తున్నారు. మోకాలి మాట ఈపాటికి అందరికీ తెలుసు. అల్లుడు కూడా తలెత్తి చూశాడు. సుభాషిణి వెనకే ఉంది, చేతులు ముందుకి చాచి, పట్టుకోవడానికి.

పందిరి బయట ఎండలో పాలెం వాళ్ళు నిలబడ్డారు. ఆ రోజుల్లో వాళ్ళు లోపలికి వచ్చేవారు కాదు. ముందు వరసలో సువార్తమ్మ ఉంది, భుజాన సంచీతో. పెళ్ళికూతురి చెంపకి చుక్క పెట్టారు, మేళం గట్టిగా ఎత్తుకుంది. జనమంతా అటు తిరిగారు. ఆమె తిరగలేదు. ఆమె చూపు రావమ్మ కుచ్చెళ్ళ కింద, ఎడమకాలి మీదే ఉంది. రావమ్మ తలెత్తినప్పుడు ఆ చూపు కనబడింది.

రావమ్మ కుడికాలు వెనక్కి వేసింది. ఊపిరి వదిలింది. మోకాలు సగం దాకా వచ్చి ఆగింది, పురోహితుడు కూడా మంత్రం ఆపాడు. మళ్ళీ ఊపిరి వదిలింది. మోకాలు మడతపడింది. మడమ పీటకి ఆనింది.

సువార్తమ్మ తల ఒకసారి ఊపి, సంచీ సర్దుకుని, గట్టు దారిన వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమెకి ప్రార్థన కూటం ఉంది. లోపల పళ్ళెంలో అల్లుడి పాదాలు పెట్టించారు. రావమ్మ చెంబు అందుకుని, వంచి, నీళ్ళు పోసింది.